దూడకు దక్కని మందు

వోల్ఫ్స్‌బర్గ్ పేరు వినగానే గుర్తుకొచ్చేది కారు. 1938 జులై 1న కార్ల కర్మాగారం కోసమే ఆలర్ నది ఒడ్డున, పొలాల నడుమ వెలసిన పట్టణం ఇది. అప్పటి నాజీ ప్రభుత్వం పెట్టిన పొడవాటి పేరును 1945 మేలో తీసివేసి, పక్కనే ఉన్న పాతకోట పేరును ఊరికి పెట్టారు. ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చే తెలుగువారికి కర్మాగారం నాలుగు పొగగొట్టాలు, వాటి ముందునుంచి పారే కాలువ తొలిచూపులోనే పరిచయమవుతాయి. ఊరు దాటితే కనిపించే పచ్చిక బయళ్ళ సంగతి మాత్రం తీరిగ్గా తెలుస్తుంది. ఈ పట్టణమున్న లోయర్ సాక్సనీ రాష్ట్రం జర్మనీలో బవేరియా తరువాత అత్యధిక పశుసంపద కలిగినది.

ఆ పచ్చికల్లో మేసే పశువుల చెవులకు పసుపుపచ్చ బిళ్ళలుంటాయి. అవి పశువు గుర్తింపు కోసమని అందరికీ తెలుసు. వాటికి మరో పని కూడా ఉండేదని పశుపోషకులకే తెలుసు. 2011 జనవరి 1 నుంచి జర్మనీలో పుట్టిన దూడలన్నిటికీ ఒక వైరస్ పరీక్షను తప్పనిసరి చేశారు. బిళ్ళ గుచ్చేటప్పుడే చెవినుంచి మెంతిగింజంత చర్మపు ముక్క ఊడివచ్చి చిన్న గొట్టంలో పడుతుంది. ఆ ముక్క ప్రయోగశాలకు వెళుతుంది. అందులో వైరస్ ఉన్నట్టు తేలిన దూడకు చికిత్స లేదు. దాన్ని మందనుంచి తొలగించి చంపవలసిందే.

ఆ వైరస్ పేరు బొవైన్ వైరల్ డయేరియా వైరస్. పశువుల్లో విరేచనాలు కలిగించే వైరస్ అని దాని అర్థం. క్లుప్తంగా బి.వి.డి. వైరస్ అంటారు. ప్రపంచంలోని ఏ పశువైద్యుడి సంచిలోనూ దీనికి విరుగుడు మందు లేదు. అలాగని దీనిమీద మందులను ఎవరూ పరీక్షించలేదా అంటే, ఎంతో పరీక్షించారు. 1990లలో, 2000ల తొలి సంవత్సరాల్లో అనేక ప్రయోగశాలలు వేల రసాయనాలను ఈ వైరస్ మీద ప్రయోగించి చూశాయి. అయితే ఆ ప్రయోగాల లక్ష్యం పశువు కాదు, మనిషి కాలేయం. ఆ అన్వేషణలో మనిషికి మందు దొరికింది, దూడకు దొరకలేదు. ఈ వ్యాసం ఆ వైపరీత్యపు చరిత్ర.

చూడి ఆవు కడుపులో

1946లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఇథాకా పరిసరాల పాడి మందల్లో కొత్త అంటువ్యాధి ఒకటి కనిపించింది. పశువులకు జ్వరం, విరేచనాలు, నోటిలో పుండ్లు. చూడి ఆవులు ఈచుకుపోయేవి. కోర్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓలాఫ్సన్, మెకాలమ్, ఫాక్స్ దీనిని మొదటిసారి వర్ణించారు. రోగం చూడటానికి ముసరవ్యాధిలా భయపెట్టినా అందులో చనిపోయేవి తక్కువే. 1953లో అయోవా రాష్ట్రంలో మరో జబ్బు వెలుగులోకి వచ్చింది. దానికి మ్యూకోసల్ డిసీజ్ అని పేరు పెట్టారు. ఇది మందలో ఒకటి రెండు పశువులకే వచ్చేది, వచ్చిన పశువు మాత్రం దాదాపు బతికేది కాదు. ఒకటి ఎక్కువ పశువులకు వచ్చి తక్కువవాటిని చంపుతుంది, మరొకటి తక్కువ పశువులకు వచ్చి అన్నిటినీ చంపుతుంది. రెండింటికీ కారణం ఒకే వైరస్ అని తేలినా, ఈ తేడా ఎందుకన్న ప్రశ్న మూడు దశాబ్దాలు మిగిలిపోయింది.

సమాధానం గర్భంలో దొరికింది. ఆవు చూడికట్టిన తొలి నెలల్లో, ఇంచుమించు నలభైయవ రోజుకూ నూట ఇరవయ్యవ రోజుకూ మధ్య, ఈ వైరస్ సోకితే అది పిండంలోకి ప్రవేశిస్తుంది. ఆ వయసు పిండంలో రోగనిరోధక వ్యవస్థ ఇంకా తనదేదో పరాయిదేదో నేర్చుకుంటూ ఉంటుంది. ఆ సమయంలో లోపలికి వచ్చిన వైరస్‌ను అది తన శరీరంలో భాగంగానే లెక్కవేసుకుంటుంది. అలా పుట్టిన దూడ జీవితాంతం వైరస్‌ను మోస్తుంది. ఊపిరిలో, చొంగలో, పేడలో, పాలలో దాన్ని వెదజల్లుతూనే ఉంటుంది. చూపుకు ఆరోగ్యంగా కనిపించవచ్చు కూడా. మందలో రోగం ఆరకుండా ఉంచే నిప్పు ఈ దూడే.

అయితే అలాంటి దూడ ఒకనాడు హఠాత్తుగా మ్యూకోసల్ డిసీజ్‌తో ఎందుకు చనిపోతుంది? 1984లో బ్రిటన్‌లో జో బ్రౌన్లీ బృందం ఆ దూడల్లో రెండు రకాల వైరస్‌లుంటాయని చూపించింది. ఒకటి కణాన్ని చంపకుండా అందులో కాపురముండే రకం, రెండోది కణాన్ని చంపే రకం. ఆ రెండో రకం ఎలా పుడుతుందో 1989లో జర్మనీలోని ట్యూబింగెన్ పశువైరస్ పరిశోధన కేంద్రంలో గ్రెగర్ మేయర్స్, టిల్మన్ ర్యూమెనాఫ్, హైన్జ్-యుర్గెన్ టీల్ కనుక్కొన్నారు. మామూలు వైరస్ దూడ శరీరంలో పెరుగుతూ పెరుగుతూ, ఎప్పుడో ఒకసారి ఆ దూడ సొంత జన్యువు ముక్కనొకదాన్ని తన జన్యుపదార్థంలో అతికించుకుంటుంది. వారు చూసిన వైరస్‌లో ఆ ముక్క ఉబిక్విటిన్ అనే ప్రోటీనుకు చెందినది. అంతవరకూ సాధువుగా ఉన్న వైరస్ ఆ దొంగసొమ్ముతో హంతకిగా మారుతుంది. అలా మారిన వైరసే, తరువాత మనం చూడబోయే మందుల వేటలో ప్రధాన పనిముట్టు అయింది.

జల్లెడ

మందుల కోసం రసాయనాలను వేలాదిగా పరీక్షించి పనికొచ్చేవాటిని ఏరడం ఇరవయ్యో శతాబ్దపు వైద్యశాస్త్రానికి ప్రధానమైన పద్ధతి. తెలుగువారికి ఇది తెలియని కథ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే, ఊరూరి మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవులను జల్లెడపట్టి బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుక్కొన్నాడు. 1948లో అది లోకానికి తెలిసింది. 1950 నాటికి అదే మందును దాణాలో కలిపితే కోళ్ళూ పశువులూ త్వరగా పెరుగుతాయని అదే సంస్థలో తేలింది. యాంటీబయాటిక్ మందులు మనిషినుంచి పశువుల కొట్టానికి చేరడానికి రెండేళ్ళు చాలింది.

వైరస్ మందుల విషయంలో ఆ దారి అంత సుగమం కాదు. బ్యాక్టీరియా తనంత తానుగా బతికే జీవి. దాని గోడ వేరు, దాని యంత్రాంగం వేరు. మన కణాలను ముట్టకుండా దాన్ని కొట్టవచ్చు. వైరస్‌కు సొంత ఇల్లు లేదు, మన కణంలోనే మన సామగ్రితోనే వంట చేసుకుంటుంది. దాన్ని ఆపబోయి కణాన్నే చంపే రసాయనాలే ఎక్కువ. అందువల్ల వైరస్ మందుల జల్లెడకు ఎప్పుడూ రెండు కొలతలుండాలి. వైరస్‌ను సగానికి తగ్గించే మోతాదు ఎంత? కణాల్లో సగాన్ని చంపే మోతాదు ఎంత? ఈ రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఆ రసాయనం అంత ఆశాజనకం. దూరం లేనిది మందు కాదు, విషం.

బి.వి.డి. వైరస్‌తో ఈ కొలత ఎంతో సులువు. 1957లో మాడిన్, డార్బీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక ఎద్దు మూత్రపిండం నుంచి కణాలను తీసి గాజు పాత్రలో పెంచారు. వారి పేర్లతోనే ఆ కణవంశం నేటికీ ప్రపంచమంతటా పెరుగుతూ ఉంది. దానికి జోడు అయోవాలోని ఏమ్స్ పట్టణంలో, జాతీయ పశువ్యాధి ప్రయోగశాలలో వేరుపరచిన వైరస్. ఆ ప్రయోగశాల పేరులోని తొలి అక్షరాలనే దానికి పేరుగా పెట్టి ఎన్.ఎ.డి.ఎల్. అన్నారు. ఇది కణాన్ని చంపే రకం. దాని జన్యువులో కూడా పశువునుంచి ఎత్తుకొచ్చిన ముక్క ఒకటి ఉంది.

పరీక్ష విధానం ఇది. తొంభైయారు చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో ప్రతి గుంటలోనూ కణాలను పరుస్తారు. వాటికి వైరస్‌ను కలిపి, ఒక్కో గుంటలో ఒక్కో రసాయనాన్ని ఒక్కో మోతాదులో వేస్తారు. మూడు నాలుగు రోజులు ఆగుతారు. మందు పనిచేయని గుంటలో కణాలన్నీ చచ్చి ఊడిపోతాయి, పనిచేసిన గుంటలో బతికుంటాయి. బతికిన కణాలకు మాత్రమే పట్టే రంగును పోస్తే ఫలితం కంటికే కనబడుతుంది. వైరస్ లేని మరో పళ్ళెంలో అవే రసాయనాలను వేసి, కణాలకు అవి చేసే హానిని విడిగా కొలుస్తారు. ఖరీదైన రక్షణ ఏర్పాట్లు అక్కరలేదు, ఎందుకంటే ఈ వైరస్ మనిషికి సోకదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. కణాలను పెంచడానికి ఆహారంగా పోసేది పశుపిండపు రక్తరసం. చూడి ఆవులను కోసినప్పుడు పిండం నుంచి సేకరించేది. పిండంలోకి జొరబడటమే ఈ వైరస్ విద్య కనుక ఆ రక్తరసంలో అది తరచు ముందే ఉండేది. మందు పరీక్షకు తెచ్చిన కణాలు అప్పటికే, పైకి తెలియకుండా, కణాన్ని చంపని రకం వైరస్‌తో నిండి ఉండేవి. టీకాలు తయారుచేసేవారికి, కణాలతో పనిచేసే ప్రయోగశాలలన్నిటికీ ఇది దశాబ్దాల తలనొప్పి. జల్లెడ పట్టేవాడు మొదట తన జల్లెడనే పరీక్షించుకోవాలని ఈ వైరస్ నేర్పింది.

మనిషి వైరస్‌కు బదులుగా

1970లలో రక్తమార్పిడి తరువాత కొందరికి కామెర్లు వచ్చేవి. అది హెపటైటిస్-ఎ కాదు, బి కాదు. అదేమిటో తెలియక చాలాకాలం ఆ రెండూ కానిది అనే పేరుతోనే వ్యవహరించారు. 1989లో అమెరికాలోని కైరాన్ సంస్థలో మైకేల్ హౌటన్ బృందం దాని వైరస్‌ను గుర్తించింది. అదే హెపటైటిస్-సి. దీర్ఘకాలం కాలేయంలో దాగి, గట్టిపరచి, క్యాన్సర్‌కు కూడా దారితీసే వ్యాధి అది. కోట్లమంది ఒంట్లో ఉన్న ఈ వైరస్‌కు మందు కావాలి. కాని దాన్ని ఏ ప్రయోగశాలలోనూ, ఏ కణాల్లోనూ పెంచడం సాధ్యం కాలేదు. పెరగని వైరస్ మీద మందును పరీక్షించడం ఎలా?

శాస్త్రజ్ఞులు దాని చుట్టాలకోసం చూశారు. జన్యుపదార్థాన్ని చదివితే హెపటైటిస్-సి వైరస్ ఫ్లావివిరిడే అనే కుటుంబానికి చెందిందని తెలిసింది. డెంగీ వైరస్‌ది అదే కుటుంబం. బి.వి.డి. వైరస్‌దీ అదే. పొడవులో తేడా ఉంది: మనిషి వైరస్ జన్యువులో సుమారు 9,600 అక్షరాలు, పశువు వైరస్‌లో సుమారు 12,300. కాని ఆ రెండూ తమ ప్రోటీన్లను తయారుచేయించుకొనే పద్ధతి, జన్యువుకు నకళ్ళు తీసే పాలిమరేజ్ అనే ఎంజైము పనితీరు ఎంతో దగ్గరగా ఉంటాయి. రెండూ దీర్ఘకాలం ఒంట్లో తిష్ఠవేసేవే. పైగా అప్పట్లో హెపటైటిస్-సి రోగులకు ఇస్తున్న ఇంటర్‌ఫెరాన్, రిబావిరిన్ రెండూ పశువు వైరస్‌ను కూడా గాజుపాత్రలో అదుపుచేసేవి. అలా పశువైద్యుల వైరస్, మనుషుల మందులు తయారుచేసే కంపెనీల ప్రయోగశాలల్లోకి ప్రతినిధి హోదాలో ప్రవేశించింది.

ఆ జల్లెడలో పడినవాటిలో ప్రధానమైనది 2′-సి-మిథైల్‌సైటిడిన్. జన్యుపదార్థాన్ని కూర్చే నాలుగు అక్షరాల్లో ఒకదానికి ఇది నకిలీ. అసలు అక్షరానికి లేని చిన్న మిథైల్ తోక ఒకటి దీనికుంటుంది. పాలిమరేజ్ దీన్ని అసలుదనుకొని జన్యువులో కూర్చగానే ఆ తోక అడ్డుపడి, తరువాతి అక్షరం కూర్చడం కుదరక రాత అక్కడితో ఆగిపోతుంది. ఈ రసాయనానికున్న శక్తిని ఐడెనిక్స్ అనే అమెరికన్ కంపెనీ, ఇటలీలోని కాల్యారి శాస్త్రజ్ఞుల సహకారంతో, బి.వి.డి. వైరస్ మీద కనుక్కొంది. దాన్ని కడుపులోకి తీసుకొనేందుకు అనువుగా మార్చి వాలోపిసిటబిన్ అని పేరు పెట్టి రోగుల మీద పరీక్షించారు. వైరస్ తగ్గింది, కాని జీర్ణకోశ బాధలు పెరిగాయి. 2007లో దాన్ని నిలిపివేశారు. మందు ఓడిపోయినా, మిథైల్ తోక ఆలోచన మిగిలింది.

ఈలోగా ప్రతినిధి అవసరం తగ్గుతూ వచ్చింది. 1999లో జర్మనీలోని మైన్జ్‌లో ఫోల్కర్ లోమన్, రాల్ఫ్ బార్టెన్‌ష్లాగర్ కలిసి హెపటైటిస్-సి జన్యువులో కొంత భాగాన్ని కాలేయ కణాల్లో తనంత తాను నకళ్ళు తీసుకొనేలా చేశారు. దాన్ని రెప్లికాన్ అన్నారు. 2005లో పూర్తి వైరస్ కూడా గాజుపాత్రలో పెరిగింది. ఆ తరువాత అసలు వైరసే చేతిలో ఉండగా దాని చుట్టంతో పనేమిటి? సుమారు పదిహేనేళ్ళు మనిషి వైరస్‌కు బదులుగా నిలబడిన పశువు వైరస్, ఆ పాత్రనుంచి నెమ్మదిగా తప్పుకొంది.

కారు సొమ్ము, మట్టి సూక్ష్మజీవులు

ఈ కథకు వోల్ఫ్స్‌బర్గ్‌తో ఉన్న లంకె డబ్బు రూపంలో ఉంది. హిట్లర్ కాలంలో కార్మిక సంఘాల నుంచి లాక్కొన్న ఆస్తులతో ఈ కర్మాగారాన్ని కట్టారు. యుద్ధకాలంలో వేలాదిమంది నిర్బంధ కార్మికులతో నడిపారు. యుద్ధం తరువాత బ్రిటిష్ సైన్యం దాన్ని మళ్ళీ నిలబెట్టి 1949లో జర్మన్లకు అప్పగించింది. అప్పుడు దాని యజమాని ఎవరన్న ప్రశ్న వచ్చింది. కేంద్ర ప్రభుత్వమా, లోయర్ సాక్సనీ రాష్ట్రమా? ఎంతోకాలం నలిగిన ఆ తగవు చివరికి కంపెనీని వాటాలుగా అమ్మి, వచ్చిన సొమ్ముతో విజ్ఞానశాస్త్రాలకు తోడ్పడే స్వతంత్ర నిధిని నెలకొల్పాలన్న ఒప్పందంతో తీరింది. 1961లో ఏర్పడిన ఆ ఫోక్స్‌వాగన్ ఫౌండేషన్ హానోవర్ నగరంలో ఉంది. పేరు కంపెనీదే అయినా అది కంపెనీ అధీనంలో లేదు.

ఆ నిధి తొలినాళ్ళలో తోడ్పడిన సంస్థల్లో ఒకటి, వోల్ఫ్స్‌బర్గ్‌కు ఇంచుమించు ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని బ్రౌన్‌ష్వైగ్‌లో 1965లో మొదలైన అణుజీవశాస్త్ర సంస్థ. తరువాత పేర్లు మారుతూ, కేంద్ర ప్రభుత్వ సంస్థగా ఎదిగి, 2006 నుంచి హెల్మ్‌హోల్ట్స్ అంటువ్యాధుల పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. అక్కడ హాన్స్ రైఖెన్‌బాఖ్ అనే సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడు మిక్సోబ్యాక్టీరియా అనే విచిత్ర జీవులను దశాబ్దాలపాటు సేకరించాడు. మట్టిలో, పేడలో, కుళ్ళిన చెక్కలో ఇవి బతుకుతాయి, గుంపులుగా పాకుతాయి, ఇతర సూక్ష్మజీవులను వేటాడతాయి. వాటి ఆయుధాలు రకరకాల రసాయనాలు. ఆఫ్రికాలో జాంబెజీ నది ఒడ్డు మట్టిలో దొరికిన ఒక జీవినుంచి రైఖెన్‌బాఖ్, రసాయనశాస్త్రజ్ఞుడు గెర్హార్డ్ హ్యోఫ్లె కలిసి ఎపోథిలోన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దానినుంచి రూపొందిన క్యాన్సర్ మందు 2007లో అమెరికాలో ఆమోదం పొందింది.

2008లో ఈ కేంద్రం హానోవర్ వైద్య విశ్వవిద్యాలయంతో కలిసి ట్విన్‌కోర్ అనే సంస్థను నెలకొల్పింది. అక్కడి థామస్ పీచ్‌మన్ 2005లో హెపటైటిస్-సి వైరస్‌ను గాజుపాత్రలో పెంచినవారిలో ఒకడు. బ్రౌన్‌ష్వైగ్ సహజ రసాయనాల సేకరణను ఆ వైరస్ జీవితచక్రం మొత్తం మీద జల్లెడపట్టిన ఫలితాలను ఆయన బృందం 2011లో ప్రకటించింది. దూడ చెవి పరీక్ష జర్మనీలో తప్పనిసరి అయిందీ ఆ ఏడాదే. ఒకే రాష్ట్రంలో, గంట ప్రయాణపు దూరంలో, ఒకే వైరస్ కుటుంబానికి చెందిన ఇద్దరు సభ్యులతో రెండు రకాల వ్యవహారం నడిచింది. మనిషి వైరస్ ఎదుట రసాయనాల వరస, పశువు వైరస్ ఎదుట కబేళా.

హైదరాబాదు దాకా

మిథైల్ తోక ఆలోచనను ఇతరులు కూడా పట్టుకొన్నారు. ఫార్మాసెట్ అనే కంపెనీలో ఆ తోకను ఉంచి, పక్కన ఫ్లోరిన్ పరమాణువును చేర్చారు. అక్కడ మైకేల్ సోఫియా బృందం తయారుచేసిన మందే సోఫోస్‌బువిర్. పశువు వైరస్ ఈ మందును నేరుగా కనిపెట్టి ఇచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది. దాని పరీక్షలు రెప్లికాన్ మీదే జరిగాయి. అయితే అది పుట్టిన రసాయన కుటుంబానికి తొలి పరీక్షాధికారుల్లో పశువు వైరస్ ఒకటి. గిలియడ్ కంపెనీ 2011లో సుమారు 1,100 కోట్ల డాలర్లకు ఫార్మాసెట్‌ను కొన్నది. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు ఆమోదం దొరికింది. ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు, పన్నెండు వారాల చికిత్సకు 84,000 డాలర్లు. ఐడెనిక్స్‌ను కొన్న మర్క్ కంపెనీ ఆ రసాయన కుటుంబం తమదేనని దావా వేసింది. 2016లో జ్యూరీ 254 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలన్నది, 2018లో న్యాయమూర్తి ఆ పేటెంటు చెల్లదని తీర్పును కొట్టివేశారు. బార్టెన్‌ష్లాగర్‌కూ సోఫియాకూ, అమెరికాకు చెందిన చార్ల్స్ రైస్‌కూ కలిపి 2016లో లాస్కర్ బహుమతి వచ్చింది. హెపటైటిస్-సి కనుగొన్నందుకు 2020లో హౌటన్, రైస్, హార్వీ ఆల్టర్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

మందు ధర మనవైపు వచ్చేసరికి మారింది. 2014 సెప్టెంబరులో గిలియడ్ ఏడు భారతీయ కంపెనీలకు సోఫోస్‌బువిర్ తయారీకి అనుమతినిచ్చింది. వాటిలో హైదరాబాదుకు చెందిన హెటెరో ఒకటి. అదే నగరానికి చెందిన నాట్కో 2015 మార్చిలో నేపాల్‌లో 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు విడుదల చేసింది. పన్నెండు వారాలకు మూడు సీసాలు, అంటే 59,700 రూపాయలు. అమెరికా ధరతో పోలిస్తే ఇది నూటికి ఒకటో రెండో వంతు. ఖరీదైన మందును సామాన్యుడికి అందేలా తయారుచేయడంలో హైదరాబాదుకున్న నేర్పుకు ఇది మంచి ఉదాహరణ.

ఇదే నగరంలో మరో పెద్ద కర్మాగారం ఉంది. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్, గాలికుంటు వ్యాధికి టీకాలు తయారుచేస్తుంది. అంటే పశువుల వైరస్ తెలిసినవారూ, వైరస్ మందుల రసాయనం తెలిసినవారూ ఒకే ఊళ్ళో ఉన్నారు. అయినా పశువుల వైరస్‌కు ఒక మాత్ర అక్కడినుంచి కూడా రాలేదు. కారణం నేర్పు లేకపోవడం కాదు. లెక్క వేరు.

దూడల మీద ప్రయోగం

దూడలకు మందు ఇచ్చి చూసిన ప్రయోగం లేకపోలేదు. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయపు పశువైద్యులు, జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రజ్ఞులు తయారుచేసిన కొన్ని పదార్థాలను బి.వి.డి. వైరస్ మీద జల్లెడపట్టారు. వారి మొదటి ఆసక్తి కలుషితమైన కణాలను, పిండాలను శుభ్రపరచడం. అందులో నెగ్గిన డి.బి.772 అనే పదార్థాన్ని పుట్టుకతో వైరస్ మోస్తున్న కొన్ని దూడలకు ఇచ్చి 2012లో ఫలితాలు ప్రకటించారు. మందుకు ప్రభావం కనిపించింది. కాని కొద్దిరోజుల్లోనే దానికి లొంగని వైరస్ తలెత్తింది. దూడలు విముక్తి పొందలేదు. లొంగనితనానికి మూలమైన మార్పులు పాలిమరేజ్ జన్యువులోనే ఉన్నట్టు మరుసటి ఏడాది చూపించారు.

ఇది ఎందుకు జరిగిందో చెప్పే సిద్ధాంతం కూడా లోయర్ సాక్సనీలోనే రూపుదిద్దుకొంది. గోట్టింగెన్‌లో పనిచేసిన మాన్‌ఫ్రెడ్ ఐగెన్ 1971 నుంచి అభివృద్ధి చేసిన ఆలోచన ప్రకారం, తప్పులు దిద్దుకోని నకలుదారు ఉన్నచోట ఒకే వైరస్ అంటూ ఉండదు. కొద్దికొద్ది తేడాలతో లెక్కలేనన్ని నకళ్ళున్న గుంపు ఉంటుంది. మందు వేసేసరికే ఆ గుంపులో ఏ మూలో దానికి లొంగనిది ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. మామూలు రోగిలోనైతే మందు తగ్గించిన వైరస్‌ను రోగనిరోధక శక్తి తుడిచిపెడుతుంది. ఈ దూడలో ఆ శక్తికి వైరస్ పరాయిదే కాదు. మందు ఒంటరిగా పోరాడాలి. అందుకు ఒక్క మందు చాలదు, రెండు మూడు కలపాలి. హెపటైటిస్-సి రోగికి చేసింది అదే. సోఫోస్‌బువిర్‌ను దాదాపు ఎప్పుడూ మరో మందుతో కలిపే ఇస్తారు.

దూడకు రెండు మూడు కొత్త మందుల మిశ్రమం ఇవ్వడం ఏ కంపెనీకి గిట్టుబాటు? మోతాదు శరీరపు బరువును బట్టి ఉంటుంది, పశువేమో మనిషికి ఏడెనిమిది రెట్లు. పాలలో, మాంసంలో మందు శేషం ఎంతకాలం ఉంటుందో నిరూపించాలి. ఇంత చేశాక రైతు దాన్ని దూడ ఖరీదుతో పోల్చి చూస్తాడు.

చంపగల దేశం, చంపలేని దేశం

జర్మనీ ఎంచుకొన్న దారి విఫలం కాలేదని ఒప్పుకోవాలి. 2011లో పుట్టిన దూడల్లో సుమారు అర శాతం ఈ వైరస్‌ను మోస్తుండగా, 2016 నాటికి అది 0.03 శాతం లోపుకు వచ్చింది. స్వీడన్ 1993లోనే, టీకా కూడా లేకుండా, పరీక్షించి తొలగించే పద్ధతిని చేపట్టి నెగ్గింది. మందు లేకుండానే రోగాన్ని నిర్మూలించగలిగినప్పుడు మందెందుకు అన్న ప్రశ్న అక్కడ సబబే.

కాని ఆ పద్ధతికి కొన్ని ముందస్తు షరతులున్నాయి. ప్రతి పశువుకూ నమోదు ఉండాలి. ప్రయోగశాల దగ్గరలో ఉండాలి. నష్టపరిహారం ఇచ్చే ఖజానా ఉండాలి. అన్నిటికన్నా ముందు, చంపడానికి చట్టమూ సమాజమూ ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1977నాటి చట్టం గోవధను నిషేధించింది. తెలంగాణలోనూ అదే చట్టం కొనసాగుతోంది. చట్టం లేకపోయినా, ఒకటో రెండో పశువులున్న ఇంట్లో ఒక దూడను తీసివేయడమంటే మందలో నూటికి ఒకటి తీసివేయడం లాంటిది కాదు. జర్మనీ విజయాన్ని యథాతథంగా అక్కడికి తీసుకువెళ్ళలేం. మనకు టీకా కావాలి, మందు కావాలి. కాని కొత్త మందులకు పెట్టుబడి పెట్టే దేశాలు చంపి గెలవగల దేశాలే. మందు అవసరమైన చోట పెట్టుబడి లేదు, పెట్టుబడి ఉన్నచోట అవసరం లేదు.

గాలికుంటు చరిత్రదీ ఇదే తీరు. పశువుల వైరస్‌లలో మొట్టమొదట గుర్తించింది దాన్నే. 1898లో లోఫ్లర్, ఫ్రోష్ అనే జర్మన్లు ప్రకటించారు. 2001లో బ్రిటన్‌లో అది చెలరేగినప్పుడు అరవై లక్షలకు పైగా పశువులను చంపారు. 2025 జనవరిలో బెర్లిన్ శివార్లలో ఒక గేదెల మందకు సోకింది. 1988 తరువాత జర్మనీలో అదే మొదటిసారి. మిగిలిన గేదెలను చంపవలసి వచ్చింది. టీకా వేశాక రక్షణ ఏర్పడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులు కాపాడగల మాత్ర ఉంటే చంపవలసిన పశువులు తగ్గుతాయని శాస్త్రజ్ఞులు ఇరవయ్యేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. జపాన్‌లోని తొయామా కంపెనీ తయారుచేసిన టి-1105 పందుల్లో ఆ వ్యాధిని అణచినట్టు పరీక్షల్లో తేలింది కూడా. దానికి తోబుట్టువైన ఫావిపిరావిర్ మాత్రం మనుషుల ఫ్లూ మందుగా 2014లో జపాన్‌లో ఆమోదం పొందింది, 2020లో కోవిడ్ కాలంలో హైదరాబాదు కంపెనీలు దాన్ని విరివిగా తయారుచేశాయి. టి-1105 పశువుల మందుగా అంగడికి రాలేదు.

భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరులో 13,343 కోట్ల రూపాయలతో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల అదుపుకు పథకాన్ని ప్రారంభించింది. దాని ఆధారం టీకా. పశువులకు సంబంధించినంతవరకు ప్రజాధనం ముందుకొస్తేనే పని జరుగుతుందనడానికి అది నిదర్శనం. వోల్ఫ్స్‌బర్గ్ కర్మాగారం వాటాలను అమ్మిన సొమ్ము బ్రౌన్‌ష్వైగ్ ప్రయోగశాలకు చేరింది కూడా, లాభం చూసుకోనక్కరలేని నిధి ఒకటి ఉండటం వల్లనే. పశువుల వైరస్ మందులకూ అలాంటి నిధి కావాలి. రసాయనాల సేకరణలు ఉన్నాయి, ఎద్దు మూత్రపిండపు కణాలు ఉన్నాయి, వాటిని చంపే వైరస్ ఉంది, ఫలితాన్ని చదవడం తెలిసినవారు ఉన్నారు. హైదరాబాదులో చవకగా తయారుచేయగలవారూ ఉన్నారు. మనిషి కోసం ఒకసారి పట్టిన జల్లెడనే, ఈసారి దూడ కోసం పట్టవలసి ఉంది.